బహుమతి పొందిన బొమ్మ

బహుమతి వచ్చినది బొమ్మకా, బొమ్మ గీసిన పిల్లకా అని అడిగినచో చాలమంది నవ్వుదురు. రెండును ఒకటే గదా యందురు. ఒకటి కావనియే నా యభిప్రాయము. ఈ రెంటిని కలిపివేయుటవలననే మన యిండ్లలో పిల్లలకు తెలియకుండ కొంత యన్యాయము జరుగుచున్నది. చదువరులు కొంచె మోపికతో ఈ విషయమును నాతోపాటు విచారింపవలెనని కోరుచున్నాను.

కేంద్ర విద్యుచ్ఛక్తి మంత్రిత్వశాఖయు, దానికి చెందిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ యను సంస్థయు కలిసి బడిపిల్లలకు ఒక జాతీయ చిత్రలేఖన పోటీని 2005లో ప్రారంభించినవి. విద్యుత్తును పొదుపుగా వాడుటయే విషయము. మొదట పిల్లలు బడిలో గీయుదురు. అందు ఎన్నికైనవారిని రాష్ట్రస్థాయిలో ఒకచోట చేర్చి, కండ్లయెదుటనే గీయింతురు. అక్కడ నెగ్గినవారు జాతీయస్థాయికి పోవుదురు. డిసెంబరు 14వ తేదీ జాతీయ ఇంధన పొదుపు దినము. ఆ సందర్భమున ఢిల్లీలో బహుమతు లిత్తురు. లక్షలమంది పిల్లలు కుంచె పట్టగా, తుదకు బహుమతి యందుకొనువారిని వేళ్లమీద లెక్కింపవచ్చును. ఇట్టి పోటీలు ఇంకను కలవు. కాని దీనిని ప్రత్యేకముగా పేర్కొనుటకు కారణ మున్నది. ఈ పోటీని చంద్రపూరునుండి చూచినచో, అది మరియొక విధముగా కనబడును.

చంద్రపూరు మనవారికి క్రొత్త ఊరు కాదు. కాజీపేటనుండి బల్హార్షా పోవు రైలుమార్గము మనలను అక్కడకు చేర్చును. ఒకప్పుడు గోండురాజుల రాజధాని. బొగ్గుగనులలో పనికై తెలుగు జిల్లాలనుండి పోయి స్థిరపడిన కుటుంబము లక్కడ అనేకము కలవు. ఇంట తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ. చైత్రమాసమున మహాకాళి జాతరకు తెలంగాణమునుండి జనము పోవుట మన మెరిగినదే. భద్రావతికి యాత్ర పోవు మనవారు ఆ దారిలో పొగగొట్టములను చూడకుండ రాలేరు. అక్కడి తాప విద్యుత్కేంద్రము 1983లో విద్యుత్తు నిచ్చుట మొదలిడినది. నేడు దాని సామర్థ్యము 2,920 మెగావాట్లు. మహారాష్ట్రమున ఎక్కడెక్కడి దీపములో దానివలన వెలుగుచున్నవి. వెలుగు దూరముపోవును గాని బూడిద దూరముపోదు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశములోని పారిశ్రామిక ప్రాంతముల కాలుష్యమును కొలిచి ప్రకటించిన పట్టికలో అంకలేశ్వర్, వాపి, ఘాజియాబాదుల తరువాత నాలుగవ స్థానము చంద్రపూరుదే, నూటికి 83.88. వేసవిలో అక్కడి యెండ 47 డిగ్రీలు దాటిన దినములు కలవు. పంకా లేనిదే నిలువలేని ఊరు, ఆ పంకా తిరుగుటకు కావలసిన బొగ్గు కాలుచున్న ఊరు, రెండును ఒకటే.

అట్టి ఊరిలో ఒక బాలికను ఊహింతము. పేరు పెట్టనక్కరలేదు. పదునొకండేండ్లది. తల్లి ఉతికి ఆరవేసిన తెల్లబట్టలను సాయంకాలము దులిపి లోనికి తెచ్చుట ఆమె దినచర్య. విద్యుత్తును పొదుపు చేయుటనుగూర్చి బొమ్మ గీయుమని బడిలో చెప్పిరి. ఆమె యేమి గీయును?

ఆమె గీయునది మనకు ముందే తెలియును. రెండు చేతులు, చేతులలో భూగోళము. ఒక ప్రక్క పచ్చనిచెట్టు, రెండవ ప్రక్క ఎండినచెట్టు. నడుమ ఒక బల్బు. ఆ బల్బునకు కండ్లు, నోరు, నోటిలో చిరునవ్వు. (ఈ నవ్వుచున్న బల్బును మొదట కనిపెట్టిన మహానుభావు డెవరో గాని, ఆయనకు ఇంతవరకు ఏ బహుమతియు వచ్చినట్లు లేదు.) డ్రాయింగు మాస్టరు నేర్పిన బొమ్మ అది. నిరుడు నెగ్గిన పిల్లయు దాదాపు అదే గీసినది. ఎదుటనే గీయింతురు గదా, ఇందులో మోసమునకు తావేది యని తలంతుము. కాని యిరువదిసార్లు ఇంట సాధనచేసిన బొమ్మను ఇరువదియొకటవసారి ఎదుట గీయుట కష్టము కాదు.

సరే, గీసినది. బహుమతియు వచ్చినదనుకొందము. ఆ బొమ్మ అబద్ధమా?

తొందరపడి అబద్ధమనరాదు. అందు ఒక్క రేఖయు అసత్యము చెప్పుట లేదు. ప్రచారచిత్రము, అనగా మనవా రిప్పుడు పోస్టరు అనునది, దినచర్యపుస్తకము వంటిది కాదు. దారిని పోవువాడు ఒక క్షణము తల త్రిప్పి చూచి గ్రహింపవలెను. దానికి అందరెరిగిన గుర్తులు కావలెను. 1960లనాటి కుటుంబనియంత్రణపు ఎర్రత్రికోణము ఎంత సులువైనది! అక్షరములు రానివారును దానిని గుర్తుపట్టిరి. గీసినవాని మనస్సులోని సుఖదుఃఖములతో చూచువారికి పనిలేదు. పోస్టరు గీయువాడు మన పల్లెలో దండోరా వేయువాని వంటివాడు. రేపు చెరువు తూము విడుతురని వాడు చాటును. ఆ మాట వాని సొంతము కాదు. ఐనను వానిని అబద్ధికు డనము.

కాని దండోరా వేయువాడును ఆ ఊరివాడే. తూము విరిగియున్నదని వానికి తెలిసియుండి, విడుతురని చాటినచో? అప్పుడు నాకు చెప్పుమన్నారు, చెప్పితిని అను సమాధానము చాలదు. ఇక మన బాలిక విషయమున అట్టి చిక్కు లేదు. విద్యుత్తును వృథాచేయరాదను మాట చంద్రపూరులో నిజము. వేరొకచోట కంటె అక్కడ మరింత నిజము. లెక్క చూడుడు. మన దేశపు బొగ్గుతో ఒక యూనిట్టు విద్యుత్తు పుట్టించుటకు ఇంచుమించు ఏడువందల గ్రాముల బొగ్గు కావలెను. మన బొగ్గులో నూటికి ముప్పదినుండి నలుబదియైదు పాళ్లు బూడిదయే. కావున ఒక యూనిట్టునకు సుమారు పావుకిలో బూడిద. అరువది వాట్ల పాతరకపు బల్బును పగలంతయు మరచి వెలిగించి, రాత్రియు కొంతసేపు వెలిగించినచో ఒక యూనిట్టు. అనగా ఎవరో ఎక్కడో మీట నొక్కుట మరచినందుకు, చంద్రపూరులో పావుకిలో బూడిద. అందులో అధికభాగమును యంత్రములు పట్టి బూడిదచెరువులకు పంపును. మిగిలినది తీగెమీది బట్టలకు తెలియును.

చూచితిరా? నవ్వుచున్న బల్బు చెప్పలేని మాట ఒకటి ఆ బాలిక సాయంకాలపు పనిలోనే యున్నది. ఒక తీగె, ఒక తెల్లచొక్కా, దానిమీద చిన్న చేతిముద్ర; దూరమున నెవరి యింటనో పట్టపగలు వెలుగుచున్న దీపము. అది ఆమె తప్ప మరెవరును గీయలేని పోస్టరు. కొచ్చిలోని పిల్లకు అది తోచదు, సిమ్లాలోని పిల్లకు తోచదు. భూగోళమును చేతులలో పెట్టుట అందరికిని తోచును.

ఇట్లు చెప్పగానే ఒక ఆక్షేపణ వచ్చును. న్యాయనిర్ణేతలకు నచ్చకపోయినచో? విద్యుచ్ఛక్తి శాఖవారు పెట్టిన పోటీలో పొగగొట్టము నీడ గీసిన పిల్లకు బహుమతి యిత్తురా? ఇయ్యవచ్చును, ఇయ్యకపోవచ్చును. వారిని ముందుగానే నిందించుట తగదు. మంచి చూపుగల న్యాయనిర్ణేత వేల బల్బుల నడుమ ఒక చొక్కాను చూచి లేచి నిలుచుండవచ్చును. కాని ఇయ్యరనియే యనుకొందము. లక్ష రూపాయల బహుమతి కొక గనికార్మికుని యింట గల విలువ మనకు తెలియనిది కాదు. ఆ పిల్లతో బహుమతి పోయినను సరే, నీవు చూచినదే గీయుమని చెప్పుటకు మనకేమి యధికార మున్నది? కడుపు నిండినవాడు ఇతరులకు చెప్పు ఉపవాసము వంటిది గదా అది.

ఈ ఆక్షేపణ బలమైనది. దానికి నాయొద్ద పూర్తి సమాధానము లేదు. ఒక్కటి మాత్రము చెప్పగలను. పెద్దవారి కోపమును పిల్ల చేతిలో పెట్టి గీయించినచో, అదియు నేర్పిన బొమ్మయే యగును. బూడిద గీయుమని వెంటబడు తండ్రియు, బల్బు గీయుమను మాస్టరును ఒకే తప్పు చేయుచున్నారు. పిల్లకు కావలసినది ఆజ్ఞ కాదు. నీవు చూచినదియు గీయదగినదే యని ఎవరైన ఒక్కసారి చెప్పియుండుట. ఆమెకు ఆ సంగతి తెలిసియుండి, ఆలోచించి, డబ్బు అవసరము గదా యని బల్బునే గీసినచో, ఆ నిర్ణయమును నేను తప్పుపట్టను. తెలియకయే గీయుట వేరు. మన పిల్లలలో నూటికి తొంబదిమంది తెలియకయే గీయుచున్నారని నా భయము.

ఆ ఒక్కసారి చెప్పువారి విలువ యెంతటిదో దామెర్ల రామారావుగారి జీవితము చూచిన తెలియును. రాజమహేంద్రవరపు కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండిన ఆస్వాల్డు కూల్డ్రే దొర ఆ బాలుని చేతిలోని విద్యను కనిపెట్టి, ప్రోత్సహించి, బొంబాయి జె.జె. చిత్రకళాశాలకు దారి చూపెను. అడివి బాపిరాజుగారును ఆ దొర శిష్యులే. రామారావుగారు ఇరువదియెనిమిదేండ్లు నిండకముందే 1925లో మశూచికముచే మరణించిరి. ఇంత కొద్ది జీవితములో ఆయన గీసిన గోదావరిసీమ, ఆ స్త్రీలు, ఆ వాడలు రాజమహేంద్రవరపు చిత్రశాలలో ఇప్పటికిని మనలను నిలువబెట్టుచున్నవి. దొర ఆయనకు ఏ పతకము నిచ్చెనో ఎవరికిని జ్ఞాపకము లేదు. కనిపెట్టెనను సంగతియే జ్ఞాపకము.

మొదటి ప్రశ్నకు వత్తము. బహుమతి బొమ్మకా, మనిషికా? 1921లో బెజవాడలో కాంగ్రెసు సభ జరిగినపుడు పింగళి వెంకయ్యగారు పతాకపు నమూనాను గాంధీగారికి సమర్పించిరి. అక్కడ పోటీ లేదు, న్యాయనిర్ణేత లేడు, డబ్బు లేదు. ఆయన 1963లో బీదరికముననే కన్నుమూసిరి. తపాలాబిళ్ల 2009లో వచ్చినది. దీనికి మనము సిగ్గుపడవలెను, సందేహము లేదు. కాని ఆయన పని సిగ్గుపడవలసిన స్థితిలో ఎన్నడును లేదు. అది ఎగురుచునే యుండెను. 2014లో స్వచ్ఛభారత్ గుర్తుకై పెట్టిన బహిరంగపోటీలో మహారాష్ట్రములోని కొల్హాపురమునకు చెందిన అనంత్ ఖాస్బర్దార్ గెలిచిరి. గాంధీగారి కండ్లజోడు ఆయన గీసినది. 2016నుండి వచ్చిన క్రొత్త నోట్లమీద అది యున్నది. మీ జేబులోని నోటు తీసి చూడుడు. ఆ జోడును ఎన్నిమారులు లెక్కపెట్టి యిచ్చియుందుమో, గీసినవారెవరని యొక్కమారైన అడిగితిమా? బహుమతి వచ్చినవారినిగూడ మన మిట్లే మరతుము. భద్రావతియొద్ద విజాసన కొండను తొలిచి బౌద్ధగుహలు చెక్కిన శిల్పుల పేర్లు మనకు తెలియవు, గుహలున్నవి.

దీనినిబట్టి బహుమతులు వ్యర్థమని నేననను. వెంకయ్యగారికి ఒక పోటీయు, కొంత ధనమును ఉండియున్నచో ఆయన చివరిదినములు మరియొక విధముగా గడచెడివి. బహుమతి మనిషికి కావలెను. తిండికి, చదువునకు, తల యెత్తి నడచుటకు. బొమ్మకు అక్కరలేదు. కష్టమంతయు తారుమా రగుటలో నున్నది. బొమ్మ బాగుగా నున్నదను మాటను పిల్ల గొప్పదను మాటగా మార్చి చెప్పుదుము. మరుసటి యేడు బహుమతి రానిచో, పిల్ల తగ్గిపోయినదని ఆమెయే యనుకొనును. పోటీలో నెగ్గిన తరువాత కుంచెను ముట్టని పిల్ల లుందురు. ఓడుదునేమో యను భయము వారిని పట్టుకొనును. ఓడినవారి కా భయము లేదు. ఓడినవారినిగూర్చి ఎవరును వ్రాయరు గాని, లక్షలలో తొంబదితొమ్మిదిపాళ్లు వారే. వారు గీసిన కాగితములు ఏ బీరువాలోనో కట్టలుగా నుండును. ఆ కట్టలలో తెల్లచొక్కా ఒకటి లేదని నమ్ముట నాకు కష్టము.

చంద్రపూరు బాలిక ఢిల్లీనుండి తిరిగివచ్చును. స్టేషనులో దండలు, బడిలో సభ, పత్రికలో ఫొటో. చుట్టాలు వచ్చి ఎంత యిచ్చిరని యడుగుదురు, ఎవరిచేతిమీదుగా నిచ్చిరని యడుగుదురు. ఏమి గీసినావే అని అడుగువారు అరుదు. ఏ అమ్మమ్మయో, చూపు మందగించినది, అడుగవచ్చును. చూపింపబోయినచో బొమ్మ యింటలేదు. ఇట్టి పోటీలకు పంపిన బొమ్మ సాధారణముగా తిరిగిరాదు. ఇంటికి వచ్చునది కాగితపు యోగ్యతాపత్రమును, డబ్బును మాత్రమే. అమ్మమ్మకు చూపవలెననిన మరల గీయవలసినదే. ఈసారి గడియారము లేదు, అంశము లేదు, ప్రక్కన మాస్టరు లేడు. కాగితము నేలమీద పరచుకొని కూర్చుండును. వాకిట తీగెమీద బట్టలు ఇంకను తీయలేదు.