జంటగొట్టముల తుపాకియు సంస్కారధర్మమును

పూర్వు లిచ్చిన వస్తువును మన యవసరమునకు దగినట్లు మార్చుకొనుట ధర్మమా, కాదా యను ప్రశ్న సంఘమును గూర్చి చర్చించునప్పుడు మాత్రమే పుట్టునని తలఁచుట పొరపాటు. అది యింటి బీరువాలో గూడ పుట్టును. ఇటీవల చిక్కడపల్లిలో మా మిత్రులొకరి యింట నట్లే పుట్టినది.

ఆయన తండ్రిగారు నారాయణగూడలో కాపురముండిన వకీలు. 1949లో జాగీరులు రద్దయి, పెద్ద యిండ్లలోని సామగ్రి చేతులు మాఱుచున్న కాలమున ఆయన యొక పాత యింగ్లీషు జంటగొట్టముల తుపాకిని కొనిరి. పిమ్మట అది లైసెన్సుతోఁగూడ కుమారునికి వచ్చినది. ఇప్పుడు మనుమఁడు గాలిలోని కెగురవేసిన మట్టిపళ్ళెములను కొట్టు ఆటను నేర్చుకొనుచున్నాఁడు. తాతగారి తుపాకితోనే కొట్టవలెనని వాని కోరిక. "నాన్నగారూ, ఎడమ గొట్టపు చోకు మిక్కిలి బిగువు. తీయించెదను" అని వాఁడనఁగా, "మీ తాతగారి వస్తువుపై ఆకురాయి పెట్టుటకు నేనొప్పను" అని తండ్రి. తీర్పు చెప్పుటకు మమ్ము పిలిచిరి.

చోకనఁగా నేమో యెఱుఁగని చదువరులకు రెండు మాటలు. ఇట్టి తుపాకి పేల్చునది సాధారణముగా ఒక గుండును గాదు, వందలకొలఁది సీసపు రవ్వలను. గొట్టపు మూతికడ లోపలి రంధ్రమును రవంత యిఱుకు చేసినచో రవ్వలు త్వరగా చెదరిపోవు. ఆ యిఱుకే చోకు. 12 బోరు తుపాకిలో రంధ్రపు వ్యాసము ఇంచుమించు 18.5 మిల్లీమీటర్లు, నిండు చోకు దానిలో తగ్గించునది ఒక్క మిల్లీమీటరు. ఆ యొక్క మిల్లీమీటరు చేతనే 40 గజముల దూరమున 30 అంగుళముల వలయములో పడు రవ్వలు నూటికి 40 నుండి 70 వఱకు పెరుగును. ఈ పనిని ఇంగ్లండున 1870ల నడుమ ప్రసిద్ధికి దెచ్చినవారిలో డబ్ల్యు. డబ్ల్యు. గ్రీనరు ముఖ్యుఁడు. సాధారణముగా కుడి గొట్టము వదులుగను ఎడమది బిగువుగను ఉండును. లేచిన కౌజుపిట్ట మొదటి వేటునకు దగ్గఱ, రెండవ వేటునకు దూరము గదా! ఆ పిట్ట పాఱిపోవు వేగమే యెడమ గొట్టములో ఇనుముగా నిలిచియున్నది.

ఆ పిట్టను కొట్టుట 1972 నాఁటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ఇప్పుడు నేరము. పని పోయిన తరువాత ఆ పనికై కల్పించిన ఆకారము మాత్రమేల? దగ్గఱగా సాగిపోవు పళ్ళెమునకు వెడల్పైన చెదరువేటు కావలెను. చంపుటకు చేసిన దానిని ఆటకు మార్చుట సంస్కారము గాదా యని కుమారుని వాదము. మేము సంస్కారపక్షమువారము; దీనిని త్రోసివేయలేము. తాతగారిది గనుక తాఁకరాదనువారు తాతగారి హుక్కాను గూడ పీల్చవలసియుండును.

అయినను తండ్రి మాటలో బలము లేకపోలేదు. రీమరుతో తీసిన లోహము తిరిగి రాదు. పోయిన బిగువును కొంత రప్పించుటకు మూతికి వెనుక గొట్టమును లోపల తొలిచి గుల్లచేయు పద్ధతి యొకటి గలదు. అనఁగా పోయిన దానికై మఱికొంత పోఁగొట్టుట. చట్టమును గూడ మఱవరాదు. 1959 నాఁటి ఆయుధచట్టము ప్రకారము తుపాకిని మార్చుటకును బాగుచేయుటకును లైసెన్సు గలవాఁడే కావలెను. మూతిని కోసి కుఱుచచేయుటకు వేఱుగా నిషేధమున్నది. వీని యన్నిటికంటె ముందు, ఆ గొట్టములు పూర్వపు నల్లమందుకు మాత్రమే పరీక్షింపఁబడినవా, పొగలేని మందుకును పరీక్షింపఁబడినవా యని చూడవలెను. ప్రక్కన నిలిచినవాని ప్రాణము దానిపై నున్నది.

కావున మొదట కొలిపింపుఁడని చెప్పితిమి. ఎడమ గొట్టముపై నొక ముద్ర కలదు. 1875 మొదలు కొన్నియేండ్లు బ్రిటిషు పరీక్షాశాలలు చోకు గొట్టములపై 'గుండునకు గాదు' అను నర్థము గల యింగ్లీషు మాటలను కొట్టెడివి. నిండు గుండు ఇఱుకులో చిక్కుకొనునని కొనువానికి హెచ్చరిక. మాకందఱకు ఆ ముద్రయే ప్రమాణము. లైసెన్సు గల పనివాఁడు లోపలి కొలతలు తీసి నవ్వినాఁడు. మూతికడను, లోపలను, ఎడమ గొట్టపు కొలత యొక్కటే. చోకు లేదు. తండ్రిగారు కొనుటకు ముందే యెవరో తీసివేసిరి కాఁబోలు. కాగితము లేదు, గుర్తు లేదు.

మా మిత్రుఁడు చాలసేపు మాటాడలేదు. తరువాత చెప్పిరి: తండ్రిగారు చెరువుగట్టున దూరపు బాతుపై ఎడమ వేటు వేసెడివారఁట. రవ్వలు పలుచగా తగిలి, దెబ్బతిన్న పక్షి తుంగలో పడి చిక్కెడిది గాదు. ఆయన ప్రతిసారియు తన చేతినే నిందించుకొనెడివారఁట.

అశోక్ నగరు ప్రక్కనున్న నగర కేంద్ర గ్రంథాలయము మీఁదుగా నడచి వచ్చుచు మేమీ సంగతినే యాలోచించితిమి. పాతప్రతిలో తనకు నచ్చని మాటను చెఱిపి, తనమాట వ్రాసి, ఊరకుండిన లేఖకుఁడొకఁడు. మార్చిన చోటెల్ల అడుగున పాఠాంతరము చూపు పరిష్కర్త యొకఁడు. ఇద్దఱును మార్చినవారే. మొదటివానివలన, వానిని నమ్మి చదివినవాఁడు తన తెలివినే శంకించుకొనును. ఆ యజ్ఞాతుని మేము తప్పుపట్టుట లోహమును తీసినందుకు గాదు. ముద్రను అబద్ధము చేసి, దానిని చూచి నమ్మువారికి ఒక్కమాటయైనను విడువకపోయినందుకు. తన సొత్తును మార్చుకొను హక్కు వానికి గలదు. రాఁబోవువానికి తెలియకుండ మార్చు హక్కు గలదని మేమొప్పము.

మా మిత్రుఁడును కుమారుఁడును తుపాకిపెట్టె మూతకు లోపల నొక కాగితము అతికించిరి. రెండు గొట్టముల కొలతలు, కొలిచిన తేది, కొలిచినవాని లైసెన్సు సంఖ్య కుమారుఁడే వ్రాసినాఁడు. మార్చినవారి పేరని యొక గడి గీచి, తండ్రి వంక చూచినాఁడు. ఆ గడి ఖాళీగానే యున్నది.