నలుగురి మంచి అంటే ఎవరి మంచి?

బరంపురంలో మా వీధి చాలా పాతది, చాలా ఇరుకు. రెండు ఆటోలు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాల్సిందే. వానాకాలంలో కాలవ పొంగి మురికినీళ్ళు గుమ్మాల దాకా వస్తాయి. అంబులెన్సు లోపలికి రాదు. అందుకే పోయిన ఏడాది మా క్లాసులో ఊరి అభివృద్ధి మీద మాట్లాడమన్నప్పుడు, "రోడ్లు వెడల్పు చెయ్యాలి, నలుగురి మంచి కోసం కొందరు సర్దుకోవాలి" అని గట్టిగా చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు.

ఈ వేసవిలో ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని వచ్చి మా వీధిని కొలిచారు. ఎదుటి వరస ఇళ్ళ గోడల మీద ఎర్ర రంగుతో గీతలు గీసి వెళ్ళిపోయారు. మా వరసకి గీత పడలేదు. ఎదురింటి పెద్దమ్మకి మాత్రం అరుగు, ముందుగది రెండూ గీత లోపలే ఉన్నాయి. తరవాత ఒక కాగితం వచ్చింది. అది ఒడియాలో ఉంది. పెద్దమ్మకి ఒడియా మాట్లాడడం వచ్చు గానీ చదవడం రాదు. నేనే చదివి చెప్పాను. చదువుతుంటే నా గొంతు నాకే నచ్చలేదు.

ఆ రాత్రి మా ఇంట్లో ఎవరో అన్నారు: "రోడ్డు పడితే మన ఇంటికి రేటు పెరుగుతుంది." నిజమే. ఎవరూ కాదనలేదు. మా మామ్మ మాత్రం నన్ను అడిగింది: "అమ్మలూ, నలుగురి మంచి అన్నావు కదా, ఆ నలుగురిలో ఎదురింటి ఆవిడ లేదా?" అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆ జవాబు కోసమే.

ముందు, పోయేది ఏమిటో చూద్దాం. నష్టం లెక్క కట్టేవాళ్ళు గోడలు, పెంకులు, గజాలు లెక్క కడతారు. అరుగు రెండు గజాలుంటుందేమో. కానీ సాయంత్రం మా మామ్మ, పెద్దమ్మ, ఇంకో నలుగురు కూర్చునేది ఆ అరుగు మీదే. చిన్నప్పుడు నేను అక్కరాలు దిద్దుకున్నదీ అక్కడే. వీధి కూడా బళ్ళు పోయే దారి మాత్రమే కాదు. మన ఊళ్ళో రెండేళ్ళకోసారి జరిగే బుఢీ ఠాకురాణి జాతరలో అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టుగా దేశిబెహెరా వీధికి వస్తుంది. వీధే అప్పుడు గుడి అవుతుంది. "ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు.

అలాగని ఎవరూ ఎక్కడా కదలకూడదు అనడం కూడా తప్పే. హైదరాబాదులో మూసీ నది సంగతి చూడండి. 1908 సెప్టెంబరు 28న ఆ నదికి వరద వచ్చి వేలమంది చనిపోయారు. ఇప్పుడు ఆ నీళ్ళు మురికికూపం. నదిని బాగుచెయ్యాలంటే ఎవరు వద్దంటారు? కానీ 2024 సెప్టెంబరులో చాదర్‌ఘాట్, మూసానగర్ లాంటి చోట్ల అధికారులు ఇళ్ళ గోడల మీద ఎర్ర రంగుతో 'ఆర్‌బీ-ఎక్స్' అని రాస్తే జనం రోడ్డు మీదకి వచ్చారు. వేరేచోట డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ళు ఇస్తామని ప్రభుత్వం చెప్పింది. ఇల్లు మారితే పని, పిల్లల బడి ఏమవుతాయన్నది అక్కడివాళ్ళ భయం. నది బాగుపడకూడదని కాదు వాళ్ళ కోపం. గోడ మీద రంగు పడేదాకా తమని మనుషులుగా అడగలేదని.

ఈ ప్రశ్న కోర్టుకి కూడా వెళ్ళింది. బొంబాయిలో ఫుట్‌పాత్‌ల మీద బతికేవాళ్ళ తరఫున వేసిన ఓల్గా టెల్లిస్ కేసులో 1985లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. బతుకుతెరువు కూడా జీవించే హక్కులో భాగమే అని చెప్పింది. ఫుట్‌పాత్ నడిచేవాళ్ళది కాబట్టి ఖాళీ చేయించవచ్చు గానీ, వాళ్ళ మాట వినాలి, వానాకాలం అయ్యేదాకా ఆగాలి అంది. ఈ తీర్పు చదివి మొదట నాకు నిరాశ కలిగింది. చివరికి ఖాళీ చెయ్యాల్సిందే కదా! తరవాత ఆలోచిస్తే, వినడం అనేది దయ కాదు, బాకీ అని చెప్పినట్టు అనిపించింది.

మన ఒడిశాలోనే ఇంకో దారి కూడా ఉంది. 2017లో పట్టణాల్లోని మురికివాడల వాళ్ళకి భూమి హక్కు ఇచ్చే చట్టం వచ్చింది. ఉన్నచోటే ఇల్లు బాగుచేసుకోవచ్చు, ఆ హక్కు పిల్లలకి వస్తుంది, కానీ అమ్ముకోకూడదు. అంటే ఊరిని బాగుచెయ్యడానికి ముందు మనుషుల్ని తీసెయ్యడం ఒక్కటే మార్గం కాదు.

గీత గురించి మనకి, ఈ బడి పిల్లలకి, బాగా తెలియాలి. గంజాం ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు బరంపురం ఇటు వచ్చింది, ఇచ్ఛాపురం అటు ఉండిపోయింది. పలు ముక్కలుగా ఉన్న ఒడియా వాళ్ళకి ఒక రాష్ట్రం కావాలనడం న్యాయమే. కానీ ఆ గీతతో మనవాళ్ళు ఇల్లు కదలకుండానే మైనారిటీ అయ్యారు. తరవాత మన రాజ్యాంగం 30వ అధికరణంలో అలాంటివాళ్ళు తమ బడులు పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. ఎక్కువమందికి మంచి జరిగినప్పుడు తక్కువమందిని మరిచిపోకూడదు అనే మాట మీదే మన బడి నిలబడి ఉంది. ఆ నీడలో చదువుకుంటూ, ఎదురింటి విషయం వచ్చేసరికి "సర్దుకోండి" అనడం నాకు ఎలా చెల్లుతుంది?

కాబట్టి మామ్మకి నా జవాబు ఇది. త్యాగం ఎవరికి వాళ్ళు చేస్తే త్యాగం. ఇంకొకరి చేత చేయిస్తే అది మన సౌకర్యం. నలుగురి మంచి అనాలంటే గీత గీయకముందే అడగాలి, వాళ్ళకి అర్థమయ్యే భాషలో అడగాలి. వేరే దారి ఉందేమో చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం, లాభపడేవాళ్ళు కూడా నష్టంలో వాటా తీసుకోవాలి.

వీధివాళ్ళంతా కలిసి ఒక అర్జీ పెట్టారు. అది ఒడియాలో రాసింది నేనే. ముందు కాలవ బాగుచెయ్యండి, వెడల్పు తప్పకపోతే రెండు వరసల్లోనూ సమానంగా కొలవండి అని రాశాం. అలా కొలిస్తే మా అరుగు కూడా కొంత పోతుంది. నాన్న కాగితం పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. మామ్మ ముందు సంతకం పెట్టింది, ఆ తరవాత నాన్న పెట్టారు.

ఇంకా ఏ కబురూ రాలేదు. గీతలు గోడల మీద అలాగే ఉన్నాయి. సాయంత్రం మామ్మ అరుగు మీదకి వెళ్తూనే ఉంది.