కోరి తెచ్చుకొన్న బిడ్డ

(అత్వెల్లి గ్రామమున ఒక దత్తపుత్రిక నామకరణోపాసన సమయమున గావించిన ఉపన్యాసము)



సర్వలోకపితయగు పరమేశ్వరుని సన్నిధిని మనమీ దినమున ఒక శిశువునకు పేరు పెట్టుటకు గూడితిమి. ఇచ్చట హోమకుండము లేదు. గోత్రప్రవరలను చదివినవారు లేరు. దత్తహోమము లేనిదే దత్తత చెల్లునా యని ఈ యూరి పెద్దలొకరు నన్ను వాకిటనే యడిగిరి. చెల్లును. 1956వ సంవత్సరపు హిందూ దత్తత, మనోవర్తి చట్టము దత్తహోమము ఆవశ్యకము కాదని స్పష్టముగా చెప్పినది. ఆ చట్టము బ్రాహ్మ, ప్రార్థనా, ఆర్యసమాజములవారికిని వర్తించునని అందే వ్రాయబడియున్నది. ఈ బిడ్డ దత్తతయో, 2015వ సంవత్సరపు బాలల న్యాయచట్టము ననుసరించి జిల్లా మేజిస్ట్రేటు ఉత్తరువుచే జరిగినది. 2022 సెప్టెంబరునుండి ఇట్టి ఉత్తరువులిచ్చు అధికారము న్యాయస్థానమునుండి ఆయనకు మాఱినది. వకీలునగుటచే ఈ నాలుగు మాటలు ముందుగా చెప్పి, ఆ కట్టను ప్రక్కన పెట్టుచున్నాను.

నేను చెప్పదలచినది వేఱొక మాటనుగూర్చి. ఈ బిడ్డ యీ యింట కాలుపెట్టిన ఐదు నెలలలో ఈ తల్లి చెవిని ఎన్నియో మాఱులు పడిన మాట అది: "కోరి తెచ్చుకుంటివి గద!" బావికడ విన్నది, బస్సులో విన్నది, బంధువులనోట విన్నది. పలికినవారిలో చెడ్డవారు లేరు. కొందఱు నవ్వుచు పలికిరి. ఐనను ఆ మాట ఆమె నోటికి తాళము వేసినది.

ఆమె దినచర్య మీలో పలువురెఱిగినదే. ఐనను ఎవరును దానిని మొదటినుండి తుదివఱకు ఒక వరుసగా చూచియుండరు. తెల్లవాఱక మునుపే శిశువు లేచును. నీరు కాచి, చల్లార్చి, కొలత తప్పకుండ పాలపొడి కలుపవలెను. సీసా వేడినీట మరిగింపవలెను. ఈ బిడ్డ తక్కువ తూకముతో పుట్టినది. రెండు మాఱులు ఛాతీలో నెమ్ము చేరినది. దగ్గు వినబడినచో తల్లి చొక్కా పైకెత్తి, డొక్కలు లోనికి లాగుచున్నవా యని దీపపు వెలుగున చూచును. ఇంతలో అత్తగారు లేతురు. ఆమెకు మధుమేహము, కాలి బొటనవ్రేలి పుండు మూడు నెలలుగా మానలేదు. ఉదయము ఇన్సులిన్ సూది వేయవలెను. వేసిన పిదప అన్నము ఆలస్యము కారాదు, ఆలస్యమైనచో చెమటలు పట్టి ఒడలు తూలును. పాలసీసా ఒక పొయ్యిమీద, అత్తగారి జొన్నరొట్టె మఱొక పొయ్యిమీద. భర్త రక్తపుపోటు మాత్ర మఱచి మేడ్చల్ బస్సెక్కును. అది జ్ఞాపకము చేయుటయు ఆమె పనియే. మధ్యాహ్నము కుట్టుపని. నడుమ బిడ్డ నిద్రించినచో బట్టలు. సాయంకాలము మరల సూది, మరల సీసా. నెలకొక పర్యాయము నాగపూరు రహదారి వెంట బస్సు పట్టుకొని నగరమునకు పోయి, నీలోఫర్ ఆసుపత్రి వరుసలో బిడ్డ నెత్తుకొని నిలువబడుట.

ఇదంతయు కష్టమని ఆమె నాతో చెప్పలేదు. గత మాసమున ఆమె యడిగినది ఒక్క ప్రశ్న; ఆమె యనుమతితోనే దానిని మీయెదుట చెప్పుచున్నాను. దత్తత జరిగిన పిదప రెండు సంవత్సరములు, ఆఱేసి నెలలకొక మాఱు, బిడ్డ క్షేమమును విచారించుటకు ఉద్యోగి యొకరు ఇంటికి వత్తురు. అది విధి. ఆమె యిట్లడిగెను: "నేను అలసియుంటినని వారికి తెలిసినచో బిడ్డను తీసికొనిపోవుదురా?"

సోదరులారా, ఈ ప్రశ్న విని నాకు చాలసేపు మాట రాలేదు. కన్నతల్లి యెవతెయైన ఇట్టి ప్రశ్న అడుగునా? ఆమె "చచ్చిపోతున్న, ఒక్క ఘడియ పట్టుకో" యని బిడ్డను పొరుగింటివారి యొడిలో వేసి కూర్చుండును. ఎవరును ఆమె మాతృత్వమును శంకింపరు. ఈమె మాత్రము అలసటను దొంగసొత్తువలె దాచుకొనుచున్నది. నేనిచ్చిన సమాధానమును ఇచ్చటను చెప్పుదును. తీసికొనిపోరు. చట్టప్రకారము ముగిసిన దత్తత తల్లి అలసెనని రద్దుకాదు. ఆ విచారణ ఏర్పడినది తప్పు పట్టుటకు కాదు. బిడ్డ యింటిలో ఇమడుటకు కష్టమేమైన నున్నచో సలహాయు సహాయమును కుదుర్చుటకు. కనుక వచ్చిన ఉద్యోగికి ఇల్లు తుడిచి చూపుటకంటె, నిద్ర లేదని చెప్పుట మేలు.

ఐతే ఆ భయము ఆమెలో ఎట్లు పుట్టెను? ఇందుకు మన పూర్వాచారమును కొంత తడవి చూడవలెను. పూర్వధర్మశాస్త్రము దత్తతను బిడ్డకొఱకు ఏర్పఱచలేదు, మరణించువానికొఱకు ఏర్పఱచినది. పుత్రుడు లేనివానికి పున్నామనరకము తప్పదనియు, పిండోదకములిచ్చువాడొకడు కావలెననియు, ఆస్తి పరులపాలు కారాదనియు తలచి, ఒక మగబిడ్డను తెచ్చి వంశమునకు అంటుకట్టిరి. ఆడుబిడ్డకు ఆ వాకిలి మూసియుండెను. స్త్రీ తనకొఱకు దత్తత తీసికొనుటకు వీలు లేదు; తీసికొన్నను అది భర్తకొఱకే. ఇందులకొక విషాదకరమగు మినహాయింపు కలదు. 19వ శతాబ్దమున చెన్నపురి ఉన్నతన్యాయస్థానము, శిక్షాస్మృతికి విరుద్ధము కానంతవఱకు, దేవదాసీలు ఆడుబిడ్డలను దత్తత తీసికొను ఆచారమును అంగీకరించెను. సామాన్యగృహస్థుడు అనాథబాలికను కూతురుగా చేసికొనజాలని కాలమున, ఆ యొక్క వాకిలి మాత్రము తెఱచియుండెను! రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు భోగపుమేళములను అంత పట్టుదలతో నెదిరించిన కాలమది. కాకినాడలో పిఠాపురము మహారాజు సూర్యారావుగారు అనాథశరణాలయము నెలకొల్పుటకును నాయుడుగారి ప్రబోధమే మూలము.

1956లో ఆడుబిడ్డకు వాకిలి తెఱవబడెను. అవివాహితయు, వితంతువును తమ పేరనే దత్తత తీసికొనగల్గిరి. వివాహితకు మాత్రము ఆ హక్కు 2010వ సంవత్సరపు సవరణవఱకు రాలేదు. అంతవఱకు బిడ్డను తెచ్చువాడు భర్త. ఆమె సమ్మతి తెలుపునది మాత్రమే. రాత్రి మేల్కొనవలసినది ఎవరో చట్టము వ్రాయలేదు గాని లోకమెఱుగును.

ఇట్లు దత్తతయనగా వంశమునకు అక్కఱకు వచ్చు వ్యాపారమని వేల సంవత్సరములు తలచిన జాతి, ఏ ప్రయోజనమును కోరక ఒక ఆడుపిల్లను ఎత్తుకొన్న స్త్రీని చూచినపుడు ఏమనుకొనును? ఇదియొక ముచ్చట, ఒక వేడుక యనుకొనును. వేడుకకు తెచ్చుకొన్నది బరువైనచో మోయుట నీ పని యనును. "కోరి తెచ్చుకుంటివి గద" యను మాటలోని రహస్యమిదియే. నా అభిప్రాయము దీనికి నేరుగా ఎదురైనది. కనిన బిడ్డ తల్లికి తానై లభించును. ఈ బిడ్డకో, ఊరిలో ఏ గడపయు తెఱవబడనపుడు ఒక్కతె తెఱచినది. మనమందఱమును చేయవలసిన పనిని ఆమె యొక్కతె తలకెత్తుకొన్నది. అట్టిదానికి మన సాయము ఎక్కువగా చెల్లవలెనా, తక్కువగానా?

"పాలిచ్చినావా? నొప్పులు పడితివా?" యని యడుగువారును కలరు. పురాణములను మనము ప్రమాణముగా గొనము. ఐనను ఉద్యోగపర్వమున కర్ణుని ఘట్టము నాకు మిక్కిలి యిష్టము. తాను కుంతికి పుట్టినవాడని శ్రీకృష్ణుడు చెప్పినపుడు కర్ణుడాశ్చర్యపడలేదు, తల్లిని మార్చుకొనలేదు. రాధయే తన తల్లి యనెను. అందులకాయన చూపిన కారణములేవి? తన్ను చూచినంతనే ఆమెకు పాలు చేపుట యొకటి; తన మలమూత్రములను ఆమె యెత్తిపోయుట రెండవది. రాజ్యము చేతికి వచ్చు వేళ, మహావీరుడొకడు తల్లి యెవరో నిర్ణయించుటకు గుడ్డలుతికిన సంగతిని సాక్ష్యముగా చెప్పుట చూడుడు! (అటుపిమ్మట ఆయన పిండముమాట కూడ ఎత్తెను, అది మనకక్కఱలేదు.) ముప్పది యేండ్లు కోర్టులో నిలిచినను ఇంతకంటె గట్టి సాక్ష్యము నాకు దొరకదు. ఈ తల్లి ఐదు నెలలుగా ఆ సాక్ష్యమును దినమునకు పదిమాఱులు వ్రాయుచున్నది. నెత్తురు వేఱు, సాదుట వేఱు. మన తెలంగాణమున "సాదుకొన్న బిడ్డ" యని చెప్పుకొనుటలో ఆ పని యంతయు ఇమిడియున్నది.

మన సమాజమునకు ఆదిపురుషుడగు రాజా రామమోహన రాయలవారును ఒక బాలుని సాదుకొనిరి. రాజారామ్ అనెడి ఆ బాలుని జన్మమునుగూర్చి లోకులు పలువిధముల గుసగుసలాడిరి, రాయలవారు లక్ష్యపెట్టలేదు. 1830లో ఆంగ్లదేశమునకు పోవునపుడు వెంట దీసికొనిపోయిరి. 1833 సెప్టెంబరు 27వ తేదీన బ్రిస్టలు నగరమున, స్వదేశమునకు వేల మైళ్ల దూరమున, ఆయన తుదిశ్వాస విడచినపుడు మంచముకడ నున్నవారిలో ఆ పెంపుడుకొడుకొకడు.

మఱి రాజ్యలక్ష్మమ్మగారు? 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహము జరిపిన పిదప, ఆ యింటికి వంటవారు, నీళ్లవారు రాక మానిరి. ఆ తల్లి తానే గోదావరినుండి నీరు మోసి తెచ్చి, వచ్చినవారికందఱికిని వండిపెట్టెను. కడుపున బిడ్డలు పుట్టని ఆ దంపతుల యింట ఎందఱో దిక్కులేని బాలవితంతువులు బిడ్డలైరి. పంతులుగారి యుపన్యాసములను మనము అచ్చువేసికొన్నాము. ఆమె మోసిన బిందెలనెవరు లెక్కించిరి?

చట్టములు వ్రాయువారును ఈ బిందెలను లెక్కింపరు. 2017లో ప్రసూతి సౌకర్యముల చట్టమును సవరించినపుడు దత్తత తీసికొన్న తల్లికిని 12 వారముల సెలవు నిచ్చిరి. కాని బిడ్డ మూడు నెలల లోపుది కావలెనని షరతు పెట్టిరి. బాలల న్యాయచట్టమో, బిడ్డను అప్పగించిన తల్లిదండ్రులకు పునరాలోచన చేసికొనుటకు రెండు నెలల గడువిచ్చుచున్నది. విడిచిపెట్టబడిన పసిబిడ్డ విషయమున విచారణకు రెండు నెలలు, రెండేండ్లు దాటినదైనచో నాలుగు నెలలు. ఆపై కాగితములు, ఎదురుచూపు. ఈ బిడ్డ నాలుగవ నెలలో వచ్చినది. ఒక చేత ఇచ్చి మఱియొక చేత పుచ్చుకొనుట యన నిదియే. ఆ షరతు సుప్రీముకోర్టు వఱకు ప్రశ్నింపబడినది. ఇంటియొద్ద కుట్టుమిషను త్రొక్కు స్త్రీకి సెలవిచ్చువాడెవడు? అది మనము, అనగా ఇరుగుపొరుగు, ఈయవలసిన సెలవు.

ఇంకొక చిన్న విషయము. వైద్యుడు బిడ్డను పరీక్షించునపుడు "మీ వంశమున ఆయాసము, మూర్ఛ, మధుమేహము కలవా?" యని యడుగును. ఆమె నోట మాట రాదు. తప్పుచేసినదానివలె నేల చూచును. అమ్మా, తలవంపు పడవలదు. "బిడ్డ మాకు దత్తతగా వచ్చినది, వంశచరిత్ర తెలియదు" అని నేరుగా చెప్పుము. తెలియదన్న మాట వైద్యునకు పనికివచ్చును; సిగ్గుపడి అత్తగారి మధుమేహమును చెప్పినచో అది యతనిని దారి తప్పించును. శిశుగృహమువారిచ్చిన వైద్యపరీక్షా పత్రమును, టీకాల కార్డును ఒక సంచిలో నుంచి వెంట దీసికొనిపొమ్ము. బిడ్డ పెరిగినపుడు ఆ సంచిని ఆమెకే ఈయవలెను. తాను వచ్చిన త్రోవ ఆమెకును తెలియవలెను గదా. దాచిపెట్టి పదునెనిమిదవయేట పరులనోట వినిపించుట క్రూరము.

మనము ప్రతి ఉపాసనయందును పరమేశ్వరుని తండ్రీ యనుచున్నాము. ఏ నెత్తుటి సంబంధముచేత? ఏ గోత్రముచేత? ఆయన మనలను కోరి తెచ్చుకొన్నవాడు. మన రోగములను, మన యేడ్పులను, మన మొండితనమును చూచి "కోరి తెచ్చుకొంటిని గదా" యని విసిగినవాడు కాడు. ఈ తల్లి తెల్లవాఱుజామున సీసా మరిగించునపుడు జపము చేయుటకు తీఱికలేదని బాధపడుచున్నదట. ఆ సీసాయే నేటికామె ఉపాసన. ఐతే ఒక యింట ఒక్కతె రేయింబవళ్లు ఉపాసన చేయుచు, తక్కినవారు తీర్థప్రసాదములు పుచ్చుకొనిపోవుట మన సమాజధర్మమునకు తగదు.

నీలోఫర్ ఆసుపత్రిపేరు పలుకుదుము గాని ఆ పేరు గల స్త్రీనెందఱు తలతురు? నిజాముగారి రెండవ కోడలగు ఆమెకు సంతానము లేదు. 1949లో తన పరిచారిక ప్రసవసమయమున మరణింపగా దుఃఖించి, తల్లులకును బిడ్డలకును వైద్యశాల కావలెనని పట్టుబట్టెను. 1953లో ఆ వైద్యశాల నెలకొన్నది. ఆమె రాకుమార్తె, ఆసుపత్రి కట్టించెను. మనమంత చేయనక్కఱలేదు. ఆ ఆసుపత్రికి పోవు బస్సులో ఈ తల్లి ప్రక్కన మఱొకరు కూర్చుండిన చాలును.

కాబట్టి ఉపాసన ముగిసిన పిదప ఎవరును వెంటనే లేచిపోవలదు. అత్తగారి కాలికట్టు వారమునకు రెండుమాఱులు మార్పింపవలెను. మేడ్చల్ వఱకు తోడుపోవుటకు ఇద్దఱు కావలెను. ఉదయపు సూది వేయుట భర్త నేర్చుకొనవలెను. ఆయన ఇచ్చటనే యున్నాడు, వినుచున్నాడు. 6, 10, 14 వారముల టీకాలు కార్డుపై నమోదై యున్నవి. తొమ్మిదవ నెల తట్టు టీకా మిగిలినది. మధ్యాహ్నము రెండు గంటలు బిడ్డను ఎత్తుకొనువారు ఎదురింటి అక్కగారో, వెనుకవీధి వదినెగారో చెప్పవలెను. ఆ రెండు గంటలు ఈమె కుట్టుపని చేయరాదు, నిద్రింపవలెను. నాయొద్ద కాగితమును కలమును ఉన్నవి. పేర్లు, దినములు ఇప్పుడే వ్రాసికొందము.