ఎవరి జోలికీ పోని బండి

హోవర్‌క్రాఫ్ట్ ఒకటి కొనుక్కుంటానని నేను చెప్పినప్పుడు మా ఆవిడ పప్పుకి తాలింపు వేస్తోంది. ఇటు తిరక్కుండానే, "గడ్డి కోసేదా? ఉన్నది బాగానే ఉందిగా" అంది. ఆవిడ తప్పేం లేదు. గాలి మీద తేలుతూ గడ్డి కోసే యంత్రాలు ఇంగ్లండులో చాలా ఇళ్ళలో ఉంటాయి. మా షెడ్డులోనూ ఒకటుంది. "అది కాదు, మనిషి ఎక్కి తిరిగేది" అన్నాను. అప్పుడు తిరిగింది. "ఎక్కడికెళ్ళాలని?" అంది.

జవాబు లేదు. ఎక్కడికీ కాదు, సరదాకి. ఇంటి అప్పు తీరి, పిల్లలిద్దరూ ఉద్యోగాల్లో కుదురుకున్నాక, యాభై ఆరేళ్ళ మనిషి తనకోసం ఒక ఆటవస్తువు కొనుక్కోవడం తప్పా ఒప్పా అని మా ఇంట్లో నెలరోజులు చర్చ జరిగింది. తీర్పు నాకు అనుకూలంగానే వచ్చింది కాబట్టి దాని జోలికి మళ్ళీ వెళ్ళను. ఆ బండిని ఎంచుకోబోయి నేను ఎదుర్కొన్న ప్రశ్న వేరే ఉంది. అది చెబుదామనే ఇది రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లాలో నౌపడ దగ్గర ఒక పల్లె. ఒక పక్క ఉప్పుమళ్ళు, ఇంకో పక్క సముద్రపు పోటు వచ్చి పోయే బురద. అక్కడ పడవకి నీళ్ళు చాలవు, కాలికి నేల చాలదు. చిన్నప్పుడొకసారి గేదె ఒకటి ఆ బురదలో పొట్టదాకా దిగబడిపోతే, మోకులు కట్టి ఊరంతా లాగడం చూశాను. నీళ్ళ మీదా బురద మీదా ఒకేలా పోయే బండి ఉంటే ఎంత బాగుండునో అనుకున్నాను. అలాంటిది నిజంగానే ఉందని కళ్ళారా చూసింది 1996లో, ఈ దేశం వచ్చి పోర్ట్స్‌మత్‌లో ఉద్యోగంలో చేరాక. అక్కడి సౌత్‌సీ ఒడ్డు నుంచి వైట్ ద్వీపంలోని రైడ్ ఊరికి 1965 నుంచి హోవర్‌క్రాఫ్ట్ నడుస్తోంది. పది నిమిషాల ప్రయాణం. సముద్రం మీద వస్తూ వస్తూ అది ఆగకుండా గులకరాళ్ళ ఒడ్డెక్కేసి, ఉస్సురంటూ కూలబడుతుంది. మొదటిసారి చూసినప్పుడు నేను చప్పట్లు కొట్టాను.

దీన్ని కనిపెట్టింది క్రిస్టఫర్ కాకరెల్ అనే ఇంగ్లీషాయన. 1950లలో ఒక ఖాళీ కాఫీ డబ్బాలో పిల్లి మేత డబ్బా పెట్టి, రెండింటి మధ్య సందులోంచి గాలి కొట్టి, కింద వంటింటి త్రాసు పెట్టి ఒత్తిడి కొలిచాడట. 1959 జూలై 25న ఆయన కనిపెట్టిన పద్ధతిలో చేసిన మొదటి పెద్ద బండి కలే నుంచి డోవర్‌కి ఇంగ్లిష్ ఛానెల్ దాటింది. ఛానెల్ మీద ప్రయాణికుల్ని చేరవేసిన ఆ భారీ హోవర్‌క్రాఫ్ట్‌లు 2000లో ఆగిపోయాయి. చిన్నవి మాత్రం సరదా కోసం ఇంకా తయారవుతూనే ఉన్నాయి.

ఇక ఎంచుకోవడం. తెలిసినవాళ్ళ ద్వారా ఒక పెద్దాయన దొరికాడు. నలభై ఏళ్ళుగా వీటితోనే కాలక్షేపం. ఆయన పాకలో అమ్మకానికి మూడు బండ్లున్నాయి. మొదటిది ఒకే ఇంజనుది. ఒకే ఫ్యాను గాలిలో కొంత కిందికి పోయి బండిని లేపుతుంది, మిగతాది వెనక్కి పోయి ముందుకి తోస్తుంది. తేలిక, చవక. కానీ లేవాలంటే కదలాల్సిందే, ఉన్నచోట తేలుతూ నిలబడతానంటే కుదరదు. రెండోదానికి లేపడానికో ఇంజను, తోయడానికో ఇంజను. చెప్పిన మాట వింటుంది, కానీ బరువు, ఖర్చు, రెండింటి మరమ్మతు. మూడోది మళ్ళీ ఒకే ఇంజనుదే గాని ఫోర్ స్ట్రోక్‌ది. ఫ్యాను పెద్దది, నెమ్మదిగా తిరుగుతుంది. దాని స్కర్ట్, అంటే గాలిని కింద పట్టి ఉంచే గుడ్డ అంచు, వేళ్ళలా విడివిడి ముక్కలుగా ఉంది. ఒక ముక్క చిరిగితే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు.

"ఏది కొన్నా పొలంలో నడిపి చూసి కొనకు" అన్నాడాయన. నీళ్ళ మీద నిలబడి ఉన్నప్పుడు కింది గాలి నీటిని పళ్ళెంలా నొక్కుతుంది. కదలగానే ముందు ఒక అల లేస్తుంది. ఆ అల మీదికెక్కి దాటితేగాని వేగం రాదు. ఒక్కడే కూర్చుంటే దాటే బండి, ఇద్దరెక్కితే దాటలేకపోవచ్చు. "ఇంకోటి. దీనికి బ్రేకులుండవు. నేలని తాకని దానికి బ్రేకు ఎక్కడ పట్టుకుంటుంది? ఆగాలంటే బండిని వెనక్కి తిప్పి, పోతున్న వైపుకి ఎదురు తోయాలి. లేదా గాలి తగ్గించి కూలబడాలి."

నేను అవన్నీ విన్నాను గాని నా మనసుని పట్టింది వేరొకటి. ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాను. మనుషులతో కలిపి బండి బరువు నాలుగు వందల కిలోలనుకుందాం. కింద వైశాల్యం ఆరు చదరపు మీటర్లు. అంటే చదరపు మీటరుకి డెబ్బై కిలోలు కూడా పడదు. అదే డెబ్బై కిలోల మనిషి రెండు పాదాల మీద నిలబడితే, ఆ లెక్కన చదరపు మీటరుకి పదిహేడు వందల కిలోల పైమాటే. మనిషి అడుగు కన్నా పాతిక రెట్లు తేలిక! బురదలో జాడ ఉండదు, గడ్డి నలగదు.

ఇది నా బండి అనిపించింది. ఎందుకంటే నేను బతికింది కూడా అలాగే. "నేను ఎవరి జోలికీ పోను" అనే మాట మనవాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు, నేనూ చెప్పుకునేవాణ్ణి. ఇక్కడ పక్కింటివాళ్ళతో తగువు లేదు, సంఘాల రాజకీయాలు లేవు. పన్నులు కట్టాను, చెత్తబుట్ట సరైన రోజున బయట పెట్టాను. ఊళ్ళో ఆస్తి దగ్గర అన్నయ్య ఎలా అంటే అలా సంతకం పెట్టాను. తామరాకు మీద నీటిబొట్టులా ఉన్నానని నాకు నేనే మురిసిపోయాను.

జనవరిలో ఒకరోజు బండి నేర్చుకోవడానికి వెళ్ళాను. పెద్దాయనకి తెలిసినవాళ్ళ పొలం. దాని చివర నేల వాలుగా దిగి ఒక సముద్రపు పాయ బురదలో కలుస్తుంది. ఆయన జెండాలు పాతి, వాటిని దాటొద్దన్నాడు. అరగంట బాగానే తిరిగాను. తర్వాత పక్కనుంచి గాలి పెరిగింది. నడిచేటప్పుడు కాలికి తెలియని వాలు కూడా ఆ బండికి తెలుస్తుంది. అది జారడం మొదలెట్టింది. తిప్పాలని తెలుసు. కంగారులో చెయ్యి బిగుసుకుపోయి థ్రాటిల్ ఇంకా నొక్కుకుపోయింది. జెండాలు దాటి, బురద మీదికి పోయి, చాలాదూరం పోయి, ఆఖరికి చెయ్యి వదిలితే కూలబడింది.

ఇంజను ఆపాక పైకి చూశాను. ఆకాశం నిండా పక్షులు. బ్రెంట్ గూస్ అంటారు, నల్లటి చిన్న బాతులు. ఆర్కిటిక్ సైబీరియా నుంచి శరత్కాలంలో ఇక్కడి పాయల్లోకి వచ్చి, చలికాలమంతా బురద మీది పాచీ నీటిగడ్డీ తిని, మార్చికి వెళ్ళిపోతాయి. ఒక్కదానికీ నా బండి తగల్లేదు. అవి మేసే చోటికి నేను వంద గజాలు ఇవతలే ఆగాను.

పెద్దాయన బురద అంచుదాకా నడిచొచ్చాడు. తిట్టలేదు. "వాటికి నువ్వు తగల్లేదులే. కానీ చూడు, పోటు వచ్చేస్తోంది. ఇంకాసేపట్లో మేత మునిగిపోతుంది. ఈ పూట అవి తినాల్సింది తినలేదు" అన్నాడు, అంతే.

మా ఊరికి దగ్గర్లోనే తేలినీలాపురం ఉంది. ఏటా పెలికాన్లూ ఎర్రకాళ్ళ కొంగలూ వచ్చి అక్కడి చెట్ల మీద గూళ్ళు పెట్టుకుంటాయి. అవి వస్తేనే ఊరికి మంచిదని అక్కడివాళ్ళ నమ్మకం. వాళ్ళు ఆ పక్షులకి దూరంగా ఉండరు, ఆ చెట్ల కిందే కాపురాలు. కింద పడిన పిల్లని తీసి జాగ్రత్త చేసేవాళ్ళూ, రాయి విసిరిన కుర్రాణ్ణి మందలించేవాళ్ళూ ఉంటారని మా అమ్మ చెప్పేది. అంటే వాళ్ళు వాటి జోలికి వెళతారు. రోజూ వెళతారు. వాటిని ముట్టుకోకుండా ఎగరగొట్టింది నేను.

ఆ రాత్రి అన్నయ్యకి ఫోన్ చేసి నవ్వులాటగా ఈ సంగతి చెప్పాను. మాటల్లో, "ఇన్నేళ్ళలో నేను ఎవరి జోలికైనా వెళ్ళానా? చివరికి బాతుల జోలికెళ్ళాను" అన్నాను. అన్నయ్య నవ్వలేదు. కాసేపాగి, "నువ్వు ఎప్పుడూ ఎవరి జోలికీ రాలేదురా. అదే కదా మా బాధ" అన్నాడు.

ఏ రోజు గురించో నాకు తెలుసు. మూడేళ్ళ క్రితం అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు, వెంటిలేటర్ ఉంచాలా తీసెయ్యాలా అని డాక్టర్లు అడిగారు. అన్నయ్య నాకు ఫోన్ చేశాడు. "దగ్గరున్నది నువ్వు. నువ్వెలా అంటే అలా. నేను అడ్డు చెప్పను" అన్నాను. అది అన్నయ్యకి ఇచ్చిన గౌరవం అనుకున్నాను. డబ్బు అడగకముందే పంపాను. ఆయన ఆ నిర్ణయం ఒక్కడే తీసుకున్నాడు, ఇప్పటికీ ఒక్కడే మోస్తున్నాడు. నా బరువు ఆయన మీద పడలేదు, నిజమే. ఆయన బరువు కూడా నా మీద పడకుండా చూసుకున్నాను.

మీరు అనొచ్చు, బతికినంతకాలం ఎవరో ఒకరికి మన వల్ల అలజడి తప్పదు, సౌత్‌సీ హోవర్‌క్రాఫ్ట్ మాత్రం చప్పుడు చెయ్యదా అని. చేస్తుంది. కానీ దాని వేళ అందరికీ తెలుసు, దాని దారి అందరికీ తెలుసు, తేడా వస్తే అడగడానికి ఒక మనిషున్నాడు. అలజడి ఉందా లేదా అన్న దగ్గరే ప్రశ్న తీరిపోదు. దానికి జవాబు చెప్పేవాడున్నాడా అన్నది అసలు ప్రశ్న. తాకకుండా పోయేవాడికి ఒక సుఖం ఉంది. వెనక జాడ ఉండదు గనక ఎవరూ వచ్చి అడగరు. ఆ సుఖాన్నే నేను మంచితనం అనుకున్నాను. తామరాకు సంగతీ అంతే. నీళ్ళు అంటని ఆకుని చూశాను గాని, దాని దుంప బురదలోనే ఉంటుందన్నది మరిచిపోయాను.

అలాగని ఆ యంత్రాన్ని తప్పుపట్టను. ఇంగ్లండుకి వాయవ్యాన మోర్‌కంబ్ అఖాతం ఉంది. మా నౌపడ బురద లాంటిదే గాని ఎన్నో రెట్లు పెద్దది. 2002లో రాయల్ నేషనల్ లైఫ్‌బోట్ ఇన్‌స్టిట్యూషన్ అక్కడ ఒక హోవర్‌క్రాఫ్ట్‌ని పెట్టింది. 2004 ఫిబ్రవరి 5 రాత్రి, గుల్లలు ఏరడానికి దిగిన చైనా కూలీలు పోటులో చిక్కుకుని కనీసం 21 మంది చనిపోయారు. వాళ్ళూ మనలాగే దేశం విడిచి వచ్చినవాళ్ళు. ఆ రాత్రి వాళ్ళని వెతికినవాటిలో ఆ హోవర్‌క్రాఫ్ట్ కూడా ఉంది. పడవా కాలూ వెళ్ళలేని చోటికి అది వెళ్ళేది, అక్కడ దిగి ఒక మనిషిని చేతులతో పట్టుకుని లాగడానికే.

చివరికి మూడో బండే కొన్నాను. ఎంచుకునేటప్పుడు మొదటి ప్రశ్నగా ధర పెట్టుకోలేదు, వేగం పెట్టుకోలేదు. ఇది వెళ్ళేచోట ఎవరున్నారు, వాళ్ళకి ఎంత వినబడుతుంది అన్నది పెట్టుకున్నాను. ఆ తర్వాతే ఇంజను, ఆ తర్వాతే స్కర్ట్. అనుమతి ఉన్న లోతట్టు చెరువుల్లోనే నడుపుతున్నాను. చలికాలం పాయల వైపు వెళ్ళను. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళకి ముందుగా వెళ్ళి చెబుతాను. ఒకావిడ కసిరింది కూడా. ఫర్వాలేదు, ఆవిడకి ఇప్పుడు నా పేరు తెలుసు.

మొన్న అన్నయ్య ఫోన్ చేసి, ఊళ్ళో పాతిల్లు పడగొట్టి కొత్తది కడదామన్నాడు. నోటిదాకా వచ్చిన "నీ ఇష్టం" అనే మాటని ఆపుకుని, అమ్మ గది ఉంచాలన్నాను. కుదరదన్నాడు. అరగంట వాదించుకున్నాం. గొంతులు లేచాయి. మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసింది.

పెట్టేసే ముందు అన్నయ్య, "మళ్ళీ ఎప్పుడు చేస్తావు?" అని అడిగాడు.