దండం పెట్టాలా, పిన్నీ?

మా అక్క కొడుకు ఫోన్లో అడిగిన ప్రశ్న చిన్నదే. "పిన్నీ, నూకాలమ్మ గుడికి తీసుకెళ్తే అతను దండం పెట్టాలా?"

అతనంటే వీడితో లాగోస్‌లో పనిచేసిన స్నేహితుడు. మావాడు కొన్నేళ్ళు నైజీరియాలో ఒక మందుల కంపెనీలో ఉద్యోగం చేసి తిరిగొచ్చాడు. అక్కడున్నప్పుడు ఈ స్నేహితుడు ఒక శని, ఆదివారాలు వీణ్ణి తన సొంతూరు ఒషోగ్బో తీసుకెళ్ళాడు. లాగోస్ పేరు విన్నవాళ్ళు కూడా ఆ ఊరి పేరు విని ఉండరు, మన అనకాపల్లిలాగే. ఇప్పుడు ఆ అబ్బాయి పనిమీద విశాఖ వస్తున్నాడు, రెండు రోజులు ఖాళీ ఉంది. "బీచ్ ఎవరైనా చూపిస్తారు, నువ్వు మన ఊరు చూపించు. పరుగులు వద్దు, తీరుబడిగా ఉండాలి" అని మావాడి షరతు.

రిటైరైన సోషల్ టీచరుకి ఇంతకన్నా ఇష్టమైన పని ఏముంటుంది? పాత డైరీ వెనక పేజీలో రాయడం మొదలెట్టాను. శనివారం పొద్దున్నే బెల్లం మార్కెట్టు. మా ఆయన అక్కడ ఒక కొట్లో గుమస్తాగా చేశారు కాబట్టి కుర్చీ వేసి కూర్చోబెడతారు. దిమ్మ అంచు గిల్లి నోట్లో వేసుకుని పాకం ఎక్కడ ముదిరిందో చెప్పేసే వ్యాపారులు ఇంకా ఉన్నారు. పచ్చగా మెరిసే బెల్లం చూసి మురిసిపోకూడదనీ, అది రంగు కోసం మందు వేసిన సరుకనీ మా ఆయన ఉపన్యాసం ఒకటి ఉంటుంది. దాన్ని పావుగంటకు కుదించమని ముందే చెప్పాలి. మధ్యాహ్నం భోజనం, మాడుగుల హల్వా, ఒక కునుకు. సాయంత్రం ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మకు లక్క పూసే చోట కూర్చోవడమా, కొండకర్ల ఆవలో రెండు తాటిబోదెలు కలిపి కట్టిన దోనె ఎక్కడమా? రెండూ అయితే మళ్ళీ పరుగే, అందుకని ఒక్కటే. ఇంతవరకూ సులువు. ఆదివారం పొద్దున బొజ్జన్నకొండ, తర్వాత గవరపాలెంలో నూకాలమ్మ అని రాసేసరికి మావాడు ఆ ప్రశ్న వేశాడు.

మా ఆయన పక్కనుంచి విని తేల్చేశారు. "భక్తి లేకపోతే గుడికెందుకు? సినిమాకి తీసుకెళ్ళు." ఆయనది మొక్కు భక్తి. మా అమ్మాయికి చిన్నప్పుడు ఒళ్ళంతా పోస్తే అమ్మవారికి మొక్కుకున్నారు, తగ్గాక తీర్చుకున్నారు. ఆయన లెక్కలో గుడి అంటే పని ఉన్నవాడు వెళ్ళే చోటు. కాలక్షేపానికి వచ్చినవాడికి అక్కడ ఏం పని అన్నది ఆయన ప్రశ్న. ఇది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ఉగాది ముందు వచ్చే కొత్త అమావాస్య జాతరలో తల మీద ఘటం పెట్టుకుని ఎండలో గంటలు గంటలు నిలబడ్డ ఆడమనిషి పక్కన, మెళ్ళో కెమెరా వేసుకుని నిలబడ్డవాణ్ణి చూస్తే నాకూ ఒళ్ళు మండుతుంది. ఆమె ఏదో పోగొట్టుకుని వచ్చింది, లేదా పోగొట్టుకోబోయి దక్కించుకుని వచ్చింది. వీడు ఏమీ ఇవ్వకుండా పట్టుకుపోవడానికి వచ్చాడు.

కానీ ఆ లెక్క బొజ్జన్నకొండ ఎక్కితే చెల్లదు. ఎందుకంటే అక్కడ మనందరం పని లేనివాళ్ళమే.

ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో శంకరం దగ్గర ఉన్న ఆ కొండ మీద సుమారు నాలుగో శతాబ్దం నుంచి తొమ్మిదో శతాబ్దం దాకా బౌద్ధ భిక్షువులు ఉన్నారు. కొండనే తొలిచి స్తూపం చేసి, పైన ఇటుక కట్టారు. గుహల్లో పద్మాసనంలో బుద్ధుడు, వాకిట ద్వారపాలకులు. పక్కన లింగాలకొండ మీద రాతిలోనే చెక్కిన చిన్న చిన్న స్తూపాలు వరసలు వరసలుగా ఉంటాయి. శివలింగాల్లా కనిపించి జనం ఆ పేరు పెట్టుకున్నారు. 1907 ప్రాంతంలో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రీ తవ్విస్తే ముద్రలు, పూసలు, కుండ పెంకులతో పాటు సముద్రగుప్తుడి బంగారు నాణెం కూడా దొరికింది. ఎక్కడి గుప్తులు, ఎక్కడి శారదా నది ఒడ్డు! తీరుబడి యాత్ర కొత్తదేమీ కాదని ఆ నాణెం చూసినప్పుడల్లా అనేదాన్ని క్లాసులో. చూసింది ఫోటోలోనే అనుకోండి.

అక్కడ ఇప్పుడు పూజ లేదు. బుద్ధ పూర్ణిమకు కొందరు వస్తారు, మిగతా రోజుల్లో పురావస్తు శాఖ కాపలాదారు, జంటలు, స్కూలు పిల్లలు. మరి ఆ స్తూపం ముందు దండం పెట్టాలా? పెడితే ఎవరికి?

ఈ అనుమానం నాకంటే రెండువేల ఏళ్ళ ముందు ఒక గ్రీకు రాజుకు వచ్చింది. మిళింద పన్హ అనే బౌద్ధ గ్రంథంలో ఆ రాజు, మిళిందుడు, నాగసేనుడనే భిక్షువును సరిగ్గా ఇదే నిలదీస్తాడు. బుద్ధుడు పరినిర్వాణం పొందాడంటారు, మీ పూజ ఆయనకు అందదంటారు. అందని పూజ దండగ కదా? అందుతుందంటే ఆయన ఇంకా లోకానికి కట్టుబడి ఉన్నట్టు కదా? ఎటు చెప్పినా ఇరుక్కునే ప్రశ్న. నాగసేనుడు జంకలేదు. పెద్ద మంట మండి ఆరిపోయింది, దానికిక కట్టెలతో పని లేదు. అంతమాత్రాన లోకంలో నిప్పు లేకుండా పోయిందా? కావలసినవాడు తన చేత్తో పుల్లలు రాపాడించి రాజేసుకుంటాడు కదా అన్నాడు. పూజ అందుకునేవాడు లేకపోయినా చేసేవాడికి ఫలం ఉంటుందని ఆయన వాదన.

నాకు ఈ జవాబు ఎప్పటినుంచో ఇష్టం. గవరపాలెంలో కూడా పనికొస్తుంది. మశూచి ప్రపంచంలోనే లేదని 1980లో ప్రకటించారు. అమ్మవారు ఏ భయం నుంచి కాచేదని జనం నమ్మారో అందులో పెద్ద భయమే పోయింది. జాతర తగ్గిందా? ఏటేటా పెరిగింది. కట్టెలు అడిగే మంట ఆరింది, రాజేసుకునేవాళ్ళు ఆగలేదు. బొజ్జన్నకొండ కింద హారీతి విగ్రహం ఉంది. పిల్లల్ని తినే యక్షిణి బుద్ధుడి మాటతో పిల్లల్ని కాచే తల్లి అయిందని కథ. ఆమెకూ నూకాలమ్మకూ మధ్య శతాబ్దాల దూరం ఉండొచ్చు గాని, బిడ్డను చంకనేసుకుని వచ్చిన తల్లి భయం ఒక్కటే.

అయితే నాగసేనుడి మాటను పట్టుకుని కొండెక్కితే కనుమ రోజు కాలికి రాయి తగులుతుంది. చాలా ఏళ్ళ పాటు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కనుమ తీర్థానికి కొండెక్కి, బొజ్జలా కనిపించే ఒక భాగాన్ని రాక్షసుడనుకుని రాళ్ళు విసిరేవారు. పిల్లలు కేరింతలు, ముసలివాళ్ళు ప్రోత్సాహం. వాళ్ళకు బుద్ధుడి మీద పగ లేదు. బుద్ధుడని తెలిస్తే కదా! వాళ్ళు చెడును కొడుతున్నారు. పుణ్యం వస్తుందనే విసిరారు. కర్మ అంటే సంకల్పమే అన్నది బౌద్ధం గట్టిగా పట్టుకున్న మాట. ఆ లెక్కన రాయి విసిరినవాడు నిర్దోషి. పూజ చేసేవాడికే ఫలం అన్న నాగసేనుడి మాట ఒక్కటే పట్టుకుంటే అతన్ని తప్పుపట్టలేం.

కానీ మనసు ఎంత నిర్మలంగా ఉన్నా, రాయి తగిలితే పదిహేను వందల ఏళ్ళ ఇటుక పెచ్చు ఊడుతుంది. వారసత్వ కట్టడాల సంరక్షణ సంస్థ ఇంటాక్ వాళ్ళు పోలీసుల సాయంతో ఆ అలవాటు మాన్పించినప్పుడు, వాళ్ళు ఎవరి నమ్మకాన్నీ మార్చలేదు. మార్చాల్సిన అవసరమూ లేదు. రాక్షసుడున్నాడని ఇంట్లో కూర్చుని నమ్ముకో, రాయి మాత్రం వద్దు అన్నారు. జనం కనుమకు ఇప్పటికీ వస్తారు, పులిహోర తింటారు, గాలి పోసుకుని దిగిపోతారు.

మావాడి ప్రశ్నకు నాకు దొరికిన దారి ఇదే. పవిత్రమైన చోటు వచ్చినవాడి మనసును అడగదు, అడిగినా తనిఖీ చెయ్యలేదు. అది అడిగేది చేతుల్ని, కాళ్ళని, నోటిని. భక్తుడైనా, బాటసారైనా ఒకటే లెక్క. ఇలా చెబితే మతాన్ని మరీ మర్యాద స్థాయికి దించేశానని మా ఆయన అంటారు. మర్యాద చిన్న సంగతేమీ కాదు. ఎదుటివాడి మనసు నాకు తెలియదు అని ఒప్పుకోవడమే దాని మొదలు.

ఒషోగ్బో సంగతి మావాడు చెబుతుంటే నాకు ఇదే కనిపించింది. ఊరి అంచున ఒషున్ నది, దాని వెంట దాదాపు 75 హెక్టార్ల అడవి. ఆ నదే దేవత. ఏటా ఆగస్టులో జాతర. పెళ్ళికాని పిల్ల ఒకతె నైవేద్యాలున్న సొరబుర్రను తల మీద పెట్టుకుని ఊళ్ళోంచి నదిదాకా నడుస్తుంది. ఘటాలు మోసే ఊరివాళ్ళకు ఇది వేరే చెప్పాలా? దక్షిణ నైజీరియాలో అడవులు చాలావరకు పోయినా ఇది మిగిలిందంటే కారణం నియమమే: వేట లేదు, చేపలు పట్టడం లేదు, చెట్టు కొట్టడం లేదు. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. మావాడి స్నేహితుడు ఆదివారం చర్చికి వెళ్ళే మనిషి. నేనేం చెయ్యాలి ఇక్కడ అని మావాడు అడిగితే, "కొమ్మ విరవకు, చేప జోలికి పోకు, మిగతాది నీకూ ఆవిడకూ మధ్య" అన్నాడట. చదువుకున్నవాళ్ళ మాటలాగుంది గాని, వాళ్ళ నాయనమ్మ మాటట.

ఒక్క చిక్కు మిగిలే ఉంది. చేతులు కట్టుకుని చూసి వచ్చేసేవాడే మంచి అతిథి అనుకుంటే, సుసాన్ వెంగర్‌ను ఎక్కడ పెట్టాలి? ఆస్ట్రియాలో పుట్టిన చిత్రకారిణి, 1950లో నైజీరియా వచ్చి, ఒషోగ్బోలో ఉండిపోయి, అక్కడి దేవతల పూజారిణిగా దీక్ష పుచ్చుకుంది. ఆక్రమణకు గురవుతున్న ఆ వనంలో స్థానిక శిల్పులతో కలిసి పెద్ద పెద్ద విగ్రహాలు నిలబెట్టింది. 2009లో చనిపోయేదాకా అక్కడే. ఆమె చేతులు ఊరుకోలేదు. ఊరుకుని ఉంటే ఆ వనం ఈపాటికి ఇళ్ళ స్థలాలయ్యేదేమో. మన కొండ మీద పెద్ద స్తూపం చుట్టూ ఉన్న చిన్న స్తూపాలు కూడా అలా వచ్చి పోయినవాళ్ళ మొక్కులే. అంటే ఏమీ ముట్టుకోకూడదన్నది మొదటి రోజు నియమం అనుకోవాలి. ఎక్కువకాలం ఉండిపోయేవాడి సంగతి వేరు. మన అతిథి ఉండేది రెండు రోజులు కాబట్టి ఆ చర్చ ప్రస్తుతానికి వాయిదా.

మొత్తానికి మావాడికి వాట్సాప్‌లో ఇలా పెట్టాను: "ఆదివారం పొద్దున్నే బయల్దేరాలి, తర్వాత రాయి కాలుతుంది. కొండ మీద ఇటుక మీద కూర్చోవద్దు, గోడ మీద పేరు రాయొద్దు. గుళ్ళో చెప్పులు విప్పాలి, మొక్కు తీర్చుకునేవాళ్ళకి అడ్డు నిలబడొద్దు, ఫోటో తీసే ముందు అడగాలి. ప్రసాదం పెడితే తీసుకోవాలా వద్దా అతని ఇష్టం, వద్దంటే నవ్వుతూ వద్దనమను. దండం సంగతి నన్నడక్కు."

మా ఆయన చదివి, "కోరిక లేనోడికి అమ్మ కనపడదులే" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, అందుకని మెసేజిలో చేర్చలేదు.

వెంటనే మావాడి దగ్గర్నుంచి తిరుగు ప్రశ్న వచ్చింది. "మరి బొజ్జన్నకొండ మీద నువ్వు ప్రతిసారీ దండం పెడతావు కదా పిన్నీ, ఎవరికి?"

పెడతాను. స్కూలు పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు అడిగితే ఒక జవాబు చెప్పేదాన్ని, ఇంట్లో ఈయన అడిగితే ఇంకోటి. ఆ నైజీరియా అబ్బాయి కూడా అడిగేలాగే ఉన్నాడు. మూడోది చూసుకోవాలి.