ఆట ఎవరి కోసం?

స్త్రీల ఫుట్‌బాల్ గురించి మాటొస్తే చాలామంది అనే మాట ఒకటుంది: "చూసేవాళ్లు లేరు కాబట్టి డబ్బు లేదు, డబ్బు లేదు కాబట్టి ఆట లేదు" అని. వినడానికి లెక్కల మాస్టారు చెప్పినంత సబబుగా ఉంటుంది. ఇంగ్లండ్‌లో 1920-21 ఫుట్‌బాల్ సీజన్ గురించి చదివాక నాకా లెక్క మీద నమ్మకం పోయింది. అంతకన్నా పెద్ద ప్రశ్న ఇంకోటి పట్టుకుంది. స్త్రీ తన సంతోషం కోసం ఒక పని చెయ్యాలంటే ఎవరికి సంజాయిషీ ఇచ్చుకోవాలి?

మొదటి ప్రపంచయుద్ధంలో మగవాళ్లు సైన్యంలోకి వెళ్లారు, ఆడవాళ్లు మందుగుండు ఫ్యాక్టరీల్లోకి వచ్చారు. భోజన విరామంలో పెరట్లో బంతి తన్నడం మొదలైంది. ప్రెస్టన్‌లోని డిక్, కెర్ ఫ్యాక్టరీ అమ్మాయిలు 1917 క్రిస్మస్ రోజున డీప్‌డేల్ గ్రౌండులో మొదటి మ్యాచ్ ఆడితే పదివేలమంది వచ్చారు. ఈశాన్య ఇంగ్లండ్‌లో మందుగుండు కార్మికురాళ్లకి ఏకంగా ఒక కప్పే ఉండేది. 1918లో దాన్ని బ్లైత్ స్పార్టన్స్ గెలిచింది. 1920లో ఫ్రాన్స్ నుంచి ఆలిస్ మిలియా తన జట్టుని తీసుకొచ్చింది. ప్రెస్టన్, స్టాక్‌పోర్ట్, మాంచెస్టర్, లండన్‌లలో ఆడారు. అదే ఏడాది డిసెంబరు 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్కులో డిక్, కెర్ జట్టుకీ సెయింట్ హెలెన్స్ జట్టుకీ మధ్య మ్యాచ్ చూడటానికి 53,000 మంది లోపలికి వచ్చారు. చోటు చాలక ఇంకా వేలమంది బయటే నిలబడిపోయారు. 1921లో ఆ జట్టు అరవైకి పైగా మ్యాచ్‌లు ఆడింది. ఫ్యాక్టరీ పని మానకుండానే! చూసేవాళ్లు లేరంటారా?

అయితే ఇన్ని మ్యాచ్‌లు ఆడనిచ్చారు కదా, ఎందుకు ఆడనిచ్చారు? ఆ డబ్బు గాయపడ్డ సైనికులకీ, ఆసుపత్రులకీ, నిరుద్యోగులకీ పోయింది గనక. మొదటి మ్యాచే ఒక సైనిక ఆసుపత్రి కోసం. సేవ అన్నమాట. ఆ మాట చాటున పొట్టి నిక్కర్లు, బురద మోకాళ్లు, కేకలు అన్నీ మర్యాదస్తుల కళ్లకి సహించదగినవి అయ్యాయి.

1921 డిసెంబరు 5న ఫుట్‌బాల్ అసోసియేషన్ చేసిన తీర్మానంలో రెండు సంగతులున్నాయి. ఫుట్‌బాల్ ఆడవాళ్లకి తగిన ఆట కాదు, దాన్ని ప్రోత్సహించకూడదు అన్నది మొదటిది. ఇది అందరం ఎత్తి చూపే వాక్యమే. డాక్టర్లు, గర్భసంచి, సౌకుమార్యం, ఈ గొడవంతా మనకి కొత్త కాదు. నన్ను ఆపేసింది రెండోది. వసూలైన డబ్బులో మితిమీరిన వాటా ఖర్చులకి పోతోందనీ, ధర్మకార్యాలకి తగినంత చేరడం లేదనీ ఫిర్యాదు. కాబట్టి తమ సభ్యులైన క్లబ్బులేవీ వాళ్లకి గ్రౌండు ఇవ్వకూడదన్నారు. ఆడొద్దని అనలేదు, గమనించండి. ఆడే చోటు తీసేశారు, అంతే.

ఆ ఖర్చులేమిటి? డిక్, కెర్ ఆటగత్తెకి మ్యాచ్‌కి పది షిల్లింగులు. పోగొట్టుకున్న కూలి, రైలు చార్జీ అన్నీ అందులోనే. ఆ రోజుల్లో లీగ్‌లో ఆడే మగ ఆటగాడికి వారానికి తొమ్మిది పౌండ్ల వరకూ ఇవ్వొచ్చు. పౌండుకి ఇరవై షిల్లింగులు. ఆ తొమ్మిది పౌండ్లలో ఆసుపత్రికి ఎంత పోయిందని మగ ఆటగాణ్ణి ఎవరూ అడగలేదు. అతను ఆటగాడు కాబట్టి ఆడాడు. ఆమె ఎందుకు ఆడుతోందో మాత్రం పైసా పైసా లెక్క చెప్పాలి.

ఈ లెక్క మన ఇళ్లల్లో లేదా? నేను పని చేసిన కాలేజీ క్వార్టర్సులో సాయంత్రమయ్యేసరికి మగ లెక్చరర్లు షటిల్ రాకెట్ పట్టుకుని "ఆడుకోడానికి" వెళ్లేవాళ్లు. ఆడవాళ్లం నడకకి వెళ్లేవాళ్లం, అదీ డాక్టరు చెప్పాడు కాబట్టి. షుగరో, బీపీయో వచ్చేదాకా గడప దాటడానికి కారణం దొరికేది కాదు. మా అమ్మ తరం అచ్చనగాయలూ వామనగుంటలూ ఆడింది. కూచుని ఆడేవి, అరుగు దాటనివి, మధ్యలో ఎవరైనా పిలిస్తే లేచి వెళ్లిపోగలిగేవి. రాసేవాళ్లకి మాత్రం తేడా ఏముంది? ఎందుకు రాస్తున్నారని సభల్లో అడిగితే సమాజం కోసమని ఎంత తొందరగా చెప్పేస్తామో! వాక్యం బాగా కుదిరిన రోజున కలిగే ఒళ్లు తెలియని ఆనందం గురించి ఎంతమందిమి చెప్పుకున్నాం?

సేవ వట్టి ముసుగని నేననడం లేదు. ఆ అమ్మాయిలకి అది నిజమైన గర్వం. 1921లో గని యజమానులు కార్మికుల్ని లాకౌట్ చేసినప్పుడు స్త్రీల జట్లు ఆ కుటుంబాల కోసం ఆడాయి. అది ఎంపిక, రాజకీయం. పెద్దలకి కన్నెర్ర కావడానికి అదీ ఒక కారణమని కొందరు చరిత్రకారులంటారు. సైనికుడికిస్తే పుణ్యం, గని కార్మికుడికిస్తే నేరం అన్నట్టు. సేవ చెయ్యమన్నవాళ్లే ఎవరికి చెయ్యాలో కూడా తామే చెప్పాలనుకున్నారు. తన కోసం ఆడే హక్కు లేనిదానికి తనకి నచ్చినవాళ్ల కోసం ఆడే హక్కు మాత్రం ఎక్కడ మిగులుతుంది?

ఆ తర్వాతి కథ తెలిసిందే. స్త్రీలు సొంత సంఘం పెట్టుకుని 1922లో కప్పు నడిపారు, స్టోక్ జట్టు గెలిచింది. కానీ పెద్ద గ్రౌండ్లు లేవు. నిషేధం దాదాపు యాభై ఏళ్లుంది. పశ్చిమ జర్మనీ కూడా 1955 నుంచి 1970 దాకా ఇదే పని చేసింది. యాభై ఏళ్లు తలుపు మూసి, ఆ తర్వాత "జనం రారు" అనడం!

మన దగ్గర 2025లో నిజామాబాద్ తండా అమ్మాయి గుగులోత్ సౌమ్య అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణి అయింది. అదే ఏడాది జూలైలో థాయిలాండ్‌ని 2-1తో ఓడించి భారత జట్టు 2026 ఆసియా కప్‌కి అర్హత సాధించింది. ఇలాంటప్పుడు మనం మెచ్చుకునే మాటలు చూడండి. ఊరికి పేరు తెచ్చింది, కన్నవాళ్ల కల నెరవేర్చింది, దేశం గర్వపడేలా చేసింది. మెచ్చుకోలే, కాదనను. కానీ ఆ అమ్మాయి ఆట మళ్లీ ఎవరి ఖాతాలోనో జమ అవుతోంది.

డిక్, కెర్ జట్టులో లిలీ పార్ అని ఒకామె ఉండేది. పద్నాలుగు, పదిహేనేళ్లప్పుడు జట్టులో చేరింది. ఎడమకాలి దెబ్బకి పేరు పొందింది. నిషేధం వచ్చాక మానసిక వైద్యశాలలో నర్సుగా పనిచేస్తూ, దొరికిన పొలంలోనో పార్కులోనో ఆడుతూ 1951 వరకూ కొనసాగింది. అప్పటికామెకి నలభై ఐదు దాటాయి. పగలంతా వార్డులో నిలబడి రోగులకి సేవ చేసిన మనిషి, ఆ వయసులో బంతి వెనక పరిగెత్తింది కూడా సేవ కోసమేనంటే నేను నమ్మను.