పెరియాండరు ప్రాజ్ఞత

జ్ఞాని యెవ్వడను ప్రశ్న మన శాస్త్రములకు క్రొత్తది కాదు. ప్రాచీన గ్రీకులును దానిని విచారించి, యేడుగురిని ప్రాజ్ఞులని యెన్నుకొనిరి. వారిలో నొకడు క్రీస్తుపూర్వము 627 ప్రాంతమునుండి సుమారు 40 సంవత్సరములు కొరింతు నగరమును పాలించిన నిరంకుశుడు పెరియాండరు.

ఆతని సామర్థ్యమును శంకింప నక్కరలేదు. ఆతని యేలుబడిలో కొరింతు వర్తకమున వర్ధిల్లెను. బుద్ధియు సూక్ష్మమైనదే. నగరమును సురక్షితముగా నేలుట యెట్లని మిలేటసు ప్రభువగు థ్రాసిబ్యూలసును దూతముఖమున నడిగించెను. ఆ ప్రభువు బదులు చెప్పక, చేనిలో నడచుచు, ఎత్తుగా నెదిగిన వెన్నులనెల్ల త్రుంచివేసెనట. దూతకు బోధపడలేదు, పెరియాండరునకు బోధపడెను. కొరింతు ప్రముఖులు కొందఱు హతులైరి, కొందఱు దేశభ్రష్టులైరి. దీనిని మేధ యనుట కభ్యంతరము లేదు.

అయితే ఆతడు తన భార్య మెలిస్సాను తానే చంపెను. ఆ సంగతి తెలిసిన నాటినుండి చిన్నకుమారుడు లైకోఫ్రాను తండ్రితో పలుకుట మానెను. తండ్రి వానిని వెడలగొట్టి, వానితో మాటలాడినవారు అపోలో దేవునికి అపరాధద్రవ్యము చెల్లింపవలెనని చాటించెను. నాలుగవనాడు ఆకలితో మాసియున్న కుమారుని చూచి జాలిపడి, యింటికి రమ్మని తానే పిలిచెను. నాతో మాటలాడితివి గనుక అపరాధము నీవే చెల్లింపవలెనని మాత్రమే కుమారుడు పలికెను. ఈ వృత్తాంతమును హెరొడోటసు చెప్పినాడు.

అభ్యాసమున సర్వమును సిద్ధించునని పెరియాండరు బోధించినట్లు ప్రతీతి. గీతాచార్యుడు మనోనిగ్రహమునకు అభ్యాసముతోపాటు వైరాగ్యమును గూడ విధించినాడు. పెరియాండరునకు వైరాగ్యము వచ్చినది ముదిమిలో. కోర్సిరా ద్వీపమునకు పంపివేసిన కుమారునికి రాజ్యమిచ్చి, తానా ద్వీపమునకు పోయెదననెను. ఆతడు తమ దేశమునకు రాకూడదని కోర్సిరావాసులు లైకోఫ్రానునే చంపివేసిరి.

పరదేశపు రాజును విమర్శించుట సులభము. గీత పదునెనిమిది యధ్యాయములు కంఠస్థమైనవాని యింటను, ఆతని యడుగుల చప్పుడునకు ఇల్లాలు ఉలికిపడుట కలదు. పండితకుటుంబములలో పుట్టి పెరిగిన మేమీ మాటను కాదనజాలము.

ప్లేటో తన ప్రొతాగొరసు అను సంవాదమున పెరియాండరు పేరు విడిచి, ఆ స్థానమున మైసను అను పల్లెవానిని చేర్చినాడు. మైసనును గూర్చి తెలిసినది స్వల్పము. ఒకరు చూడబోవునప్పటికి ఆతడు వేసవిలో నాగలికి కఱ్ఱు బిగించుచుండెనట. ఇది దున్ను కాలము కాదుగదా యనిన, బాగుచేసికొను కాలమిదియేయని చెప్పి, తన పని చూచుకొనెనట.